పాత ఈగిల్‌కు పరాయి రెక్కలు

తాతగారి షెడ్డు. తలుపు తెరిస్తే పాత గ్రీజు వాసన. పనికిరాని నాగలి కర్రు, గాలి పోయిన ట్రాక్టర్ టైరు, అటక మీద ఖాళీ డబ్బాలు. ఓ మూల బరకం కింద ఏదో ఉంది. బరకం లాగితే దుమ్ము లేస్తుంది. ముందు కనిపించేది గుండ్రటి హెడ్‌లైటు. తర్వాత తుప్పు పట్టిన పెట్రోలు ట్యాంకు. దాని పక్కన ఓ గేరు కర్ర. బైకులా ఉంది కానీ బైకంత పొడవు లేదు. స్కూటర్‌లా చిన్న చక్రాలున్నాయి కానీ కాళ్లు పెట్టుకునే పలక లేదు. ఇదేం బండి?

అమెరికాలో నెబ్రాస్కా, అయోవా, కాన్సస్ రాష్ట్రాల పల్లెల్లో ఇలాంటి షెడ్లకు కొదవలేదు. ఆ బండి పేరు కుష్‌మన్ ఈగిల్. 1949 నుంచి 1965 దాకా తయారైంది. తాత కుర్రాడిగా ఉన్నప్పుడు కొన్నాడు. తర్వాత కారొచ్చింది, పెళ్లయింది, బండి మూలన పడింది. మనవడు దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలనుకుంటాడు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ఆ బండి పుట్టిన ఊళ్లో ఇప్పుడు దాని నట్టు కూడా తయారవదు. అది మళ్లీ కదలాలంటే తైవాన్ నుంచో చైనా నుంచో ఇండియా నుంచో సామాను రావాలి!

రైతుల ఊళ్లో స్కూటరు

ఆ పుట్టిన ఊరు లింకన్. నెబ్రాస్కా రాజధాని. చుట్టూ కనుచూపు మేర మొక్కజొన్న. ఊరికి ఎటువైపు నుంచి వచ్చినా ముందు కనిపించేది రాష్ట్ర చట్టసభ భవనం. 1922లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు. 400 అడుగుల గోపురం. దాని కొసన ఏ దేవతో వీరుడో ఉంటాడనుకుంటాం. కాదు, ఒక రైతు! భుజానికి సంచీ తగిలించుకుని, చెప్పుల్లేని కాళ్లతో విత్తనాలు చల్లుతుంటాడు. ఏరువాక నాటి మన రైతుకు అక్కడ విగ్రహం పెట్టినట్టు ఉంటుంది.

కుష్‌మన్ కంపెనీ కథా ఆ రైతుతోనే మొదలైంది. ఎవరెట్, క్లింటన్ కుష్‌మన్ అనే ఇద్దరు దాయాదులు 1900ల తొలి ఏళ్లలో లింకన్‌లో ఇంజిన్లు చేయడం మొదలుపెట్టారు. మొదట్లో పడవలకు, తర్వాత పొలం పనులకు. కోత యంత్రానికి, నీళ్లు తోడడానికి... అవీ ఆ ఇంజిన్ల పనులు. వీళ్ల ‘హస్కీ’ ఇంజిన్ మొరటుది, నమ్మకమైంది. కానీ 1930ల మాంద్యంలో రైతు చేతిలో డబ్బు లేదు. ఇంజిన్లు కొనేదెవరు?

అప్పటికి కంపెనీ అమ్మన్ కుటుంబం చేతికొచ్చింది. ఇంటిపేరు చూసి మనవాళ్లేమో అనుకోవద్దు, వాళ్లూ అమెరికా వాళ్లే. ఒకరోజు ఓ కుర్రాడు ఏవో పాత ఇనుప ముక్కలకు హస్కీ ఇంజిన్ బిగించి తయారుచేసుకున్న బండి మీద స్పేరు పార్టు కోసం ఫ్యాక్టరీకొచ్చాడనీ, దాన్ని చూసి యజమానులకు ఆలోచన తట్టిందనీ లింకన్‌లో చెప్పుకుంటారు. స్కూటరు అమ్ముడుపోతే దానితోపాటు ఇంజినూ అమ్ముడుపోతుంది కదా! అలా 1936లో ‘ఆటో గ్లైడ్’ వచ్చింది. సోకు తక్కువ. సీటు కింద పెట్టె, పెట్టెలో ఇంజిను, అంతే.

అదే ఏడాది కాలిఫోర్నియాలో సాల్స్‌బరీ అనే మరో కంపెనీ ‘మోటార్ గ్లైడ్’ తెచ్చింది. కాసేపటికే దానికి గేర్లు మార్చే పనిలేని బెల్టు పద్ధతి కూడా జోడించింది. ఈరోజు మన ఇంట్లో అమ్మాయి యాక్సిలరేటర్ తిప్పి వెళ్లిపోయే యాక్టివాలో ఉన్నదీ ఆ సూత్రమే. సాల్స్‌బరీ స్కూటర్లు మాత్రం 1940లు దాటలేదు.

యుద్ధం కుష్‌మన్‌కు కలిసొచ్చింది. 1942 నుంచి అమెరికాలో మామూలు జనానికి కొత్త కార్లు లేవు, పెట్రోలుకు రేషను. తక్కువ తాగే స్కూటరుకు గిరాకీ పెరిగింది. 1944లో సైన్యం కోసం ‘53’ అనే మోడల్ చేశారు. విమానం నుంచి పారాచూట్‌తో కిందికి దించితే, దిగిన సైనికుడు దాన్ని స్టార్ట్ చేసి వెళ్లిపోవాలి. స్ప్రింగులూ సోకులూ ఏమీ లేవు. అలాంటివి 4,700కు పైగా చేశారు.

ఇటలీ మీదుగా హైదరాబాదుకు

ఈ మిలటరీ స్కూటర్లే మన కథలోకీ వస్తాయి. యుద్ధం ముగిసేనాటికి ఇటలీలో రోడ్లు గుంతలమయం. ఫ్యాక్టరీలు బాంబులకు కూలాయి. ఆ వీధుల్లో అమెరికా సైనికుల కుష్‌మన్‌లు తిరుగుతుంటే విమానాలు చేసే పియాజియో, గొట్టాలు చేసే ఇన్నొసెంటి కంపెనీలు చూశాయంటారు. 1946లో వెస్పా, 1947లో లాంబ్రెటా వచ్చాయి. డిజైన్ వాళ్లదే. కానీ ‘ఇలాంటి బండి చేయొచ్చు’ అన్న ఆలోచనకు లింకన్ బండి ఒక కారణమని స్కూటర్ చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఒప్పుకుంటారు.

అక్కడి నుంచి మనదాకా దారి అందరికీ తెలిసిందే. లాంబ్రెటాలు 1950ల్లో బొంబాయిలో బిగించారు. వెస్పా లైసెన్సు బజాజ్‌కు వచ్చింది. ఇన్నొసెంటి లాంబ్రెటా తయారీ ఆపేస్తే, 1972లో ఆ యంత్రాలను మన ప్రభుత్వం కొని లక్నోలో స్కూటర్స్ ఇండియా పెట్టింది. విజయ్ సూపర్ అక్కడిదే. దాని చుట్టమే మన ఆల్విన్ పుష్పక్! అమ్మను వెనక పక్కకు కూర్చోబెట్టుకుని, పిల్లాణ్ని ముందు నిలబెట్టుకుని నాన్న నడిపిన ఆ బండి ఎన్ని తెలుగు ఇళ్ల ఆల్బముల్లో ఉందో!

అసలు విశేషం ఏమిటంటే, ఇటలీలో లాంబ్రెటా ఆగిపోయాక బ్రిటన్‌లోని లాంబ్రెటా పిచ్చివాళ్లను ఆదుకున్నది లక్నో విడిభాగాలే. ‘ఇండియన్ సామాను’ అని ముఖం చిట్లించేవాళ్లు, అదే కొనేవాళ్లు. స్కూటర్స్ ఇండియాను మూసేయాలని 2021లో కేంద్రం నిర్ణయించేదాకా ఈ బంధం ఏదో రూపంలో సాగింది.

హోండా కొట్టిన దెబ్బ

లింకన్‌కు తిరిగొద్దాం. ఈగిల్ వచ్చాక కుష్‌మన్ దశ తిరిగింది. పెద్ద మోటార్‌సైకిల్ కొనలేని కుర్రాడికి దాని నకలు లాంటిది. మోకాళ్ల మధ్య ట్యాంకు, చేత్తో మార్చే రెండు గేర్లు, కాలితో తొక్కే క్లచ్. 318 సి.సి. ఇంజిన్, దాదాపు 8 హార్స్‌పవర్. అప్పట్లో కొన్ని రాష్ట్రాల్లో కారు లైసెన్సు వయసు రాకముందే చిన్న స్కూటర్లు నడపనిచ్చేవారు. పేపరు వేసే కుర్రాళ్లు సంపాదించిన డబ్బుతో కొనుక్కునేవారు. సియర్స్ కంపెనీ కేటలాగులో ‘ఆల్‌స్టేట్’ పేరుతోనూ కుష్‌మన్‌లు దొరికేవి. తమాషా ఏమిటంటే, ఇటలీ నుంచి తెప్పించిన వెస్పాలనూ సియర్స్ అదే పేరుతో అమ్మింది.

1957లో కుష్‌మన్ కంపెనీ అవుట్‌బోర్డ్ మెరైన్ అనే సంస్థ చేతికి వెళ్లింది. 1959లో హోండా లాస్ ఏంజిలిస్‌లో దుకాణం తెరిచింది. దాని చిన్న బండి యాభై సి.సి. కూడా లేదు. కానీ నూనె కారదు, బట్టలు పాడవవు, ఇట్టే స్టార్టవుతుంది. అప్పటిదాకా బండంటే చేతులు నల్లబడాలి అనుకున్న అమెరికా కుర్రాళ్లకు ఇది వింత. ఆరేళ్లలో ఈగిల్ పని అయిపోయింది. 1965 తర్వాత కుష్‌మన్ స్కూటర్లు చేయలేదు. పోస్ట్‌మన్లకూ పార్కింగ్ పోలీసులకూ గోల్ఫ్ మైదానాలకూ మూడు చక్రాలవీ నాలుగు చక్రాలవీ చేస్తూ బతికింది. చేతులు మారి 1998లో టెక్స్‌ట్రాన్ కిందికి చేరింది. పేరు ఇప్పటికీ ఉంది, లింకన్‌లో తయారీ లేదు.

‘కంపెనీదా, లోకలా?’

విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో స్పేరు పార్టు అడిగితే కౌంటర్ వెనక నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఇది. ఈగిల్ యజమానికీ అదే ప్రశ్న. కాకపోతే కంపెనీది అనేది అరవై ఏళ్ల కిందట చేసిందే అయివుండాలి. పెట్టె కూడా తెరవకుండా ఏ డీలర్ గిడ్డంగిలోనో మిగిలిపోయిన సామాను దొరికితే పండగే. ధర మాత్రం అడగకూడదు.

అందుకే నకళ్లు వచ్చాయి. పాత ఫోర్డు బళ్ల భాగాలకు పేరున్న నార్త్ కరోలినాలోని డెన్నిస్ కార్పెంటర్ సంస్థ కుష్‌మన్ భాగాలనూ మళ్లీ చేయిస్తోంది. ఇక కేబుళ్లు, లైట్లు, ట్యూబులు, బేరింగుల్లాంటి వాటిలో చాలా వాటి మీద విదేశీ ముద్రే ఉంటుంది. టైరు చూడండి. ఈగిల్ టైరు పక్కన 4.00-8 అని ఉంటుంది. మన ఆటో టైరు మీదా అదే అంకె! ఆ సైజుకు అమెరికాలో ఎంత గిరాకీ ఉంటుంది? లక్షలాది ఆటోలు తిరిగే దేశాల్లోనే కదా అవి గుట్టలుగా తయారయ్యేది.

మరి బాగుచేయడం ఎలా? కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. హస్కీ ఇంజిన్‌లో వాల్వులు సిలిండర్ పక్కనే ఉంటాయి. పైన మూత పలక లాంటిది. బోల్టులు విప్పి ఎత్తేస్తే లోపల ఏముందో కనిపిస్తుంది. ఏళ్ల తరబడి కదలని పిస్టన్ తుప్పుకు అతుక్కుపోయి ఉంటుంది. అసిటోన్, గేరుబాక్సు నూనె కలిపి పోసి రోజుల తరబడి నానబెట్టడం అక్కడి పాత మెకానిక్కుల చిట్కా. ఆ తర్వాత చెక్క ముక్క పెట్టి మెల్లగా కొట్టాలి. తొందరపడి సుత్తితో బాదారా, పిస్టన్ పగిలి పాత సామాను ఇంకోటి వెతుక్కోవాలి. ట్యాంకులో గుప్పెడు నట్లు పోసి గలగలలాడిస్తే లోపలి తుప్పు రాలుతుంది. అది మన మెకానిక్కులూ చేసేదే. శక్తి తగ్గిన మాగ్నెటోకు మళ్లీ అయస్కాంత శక్తి ఎక్కించాలి.

ఇంతవరకూ బాగానే ఉంటుంది. చిక్కంతా బిగించేటప్పుడు.

ఈగిల్ పుట్టింది అంగుళాల లెక్కలో. పరాయి దేశాల ఫ్యాక్టరీలు నడిచేది మిల్లీమీటర్లలో. పావు అంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు. ఆ రంధ్రంలో ఆరు మిల్లీమీటర్ల బోల్టు వదులుగా దిగుతుంది, బిగిస్తే మర అరిగి ఊడిపోతుంది. దాంతో ఇబ్బంది లేదు, తేడా వెంటనే తెలిసిపోతుంది. అసలు మోసగాడు అంగుళంలో పదహారింట అయిదు వంతుల బోల్టు. అది 7.94 మిల్లీమీటర్లు. పక్కన ఎనిమిది మిల్లీమీటర్లది పెడితే కవల పిల్లలే. కంటికి తేడా దొరకదు. మర మాత్రం వేరు. రెండు చుట్లు హాయిగా తిరుగుతుంది, మూడో చుట్టుకు బిగుసుకుంటుంది. తుప్పేమో అనుకుని బలం పెట్టినవాడు అరవై ఏళ్ల పోత ఇనుములో మర పాడుచేసుకుంటాడు. కొత్త బోల్టు పోతే పోయింది, పాత పోత మళ్లీ రాదు.

క్రోమ్ పూత ఏడాదికే పొంగడం, రంధ్రాలు ఒకదానికొకటి కలవకపోవడం, మాగ్నెటో కండెన్సర్ వేడెక్కగానే మొరాయించడం... నకళ్ల మీద ఇలాంటి ఫిర్యాదులు చాలానే. అన్నీ అబద్ధాలు కావు. అయితే వాటిలో కొన్ని పాత లింకన్ సామానుకూ వర్తిస్తాయన్నది నిజం. ఈగిల్ కొత్తగా ఉన్నప్పుడే నూనె కార్చేది!

దీన్నిబట్టి పాత స్కూటర్ల వాళ్లలో రెండు వర్గాలున్నాయి. బోల్టు తల మీది గుర్తుతో సహా అన్నీ ఆనాటివే ఉండాలనేవాళ్లు ఒకరు. వీళ్ల బళ్లు ప్రదర్శనల్లో బహుమతులు కొడతాయి, రోడ్డెక్కడం తక్కువ. బండి తిరగాలి, మనవడు నేర్చుకోవాలి అనేవాళ్లు ఇంకొకరు. ఈ రెండో వర్గంలోనే కొందరు ఇంకో అడుగు ముందుకేస్తారు. హస్కీ ఇంజిన్ పూర్తిగా పాడైపోతే దాన్ని తీసి పక్కనపెట్టి, చైనా నుంచి వచ్చే 212 సి.సి. ఇంజిన్ బిగిస్తారు. అమెరికాలో పనిముట్ల దుకాణాల్లో అది చౌకగా దొరుకుతుంది. అడుగున ఓ పలక, ఓ గొలుసు సరిచేస్తే చాలు. తాడు లాగితే స్టార్టు.

ఆ చైనా ఇంజిన్ ఎవరి నమూనా? 1980ల్లో వచ్చిన హోండా జీఎక్స్ ఇంజిన్లది. ఏ హోండా దెబ్బకు ఈగిల్ కూలిందో, ఆ హోండా ఇంజిన్‌కు చైనావాళ్లు చేసిన నకలుతో ఈగిల్ మళ్లీ ఎగురుతోంది!

మొదటి వర్గం వాళ్లకు ఇది వింటేనే ఒళ్లు మండుతుంది. వాళ్ల బాధలోనూ న్యాయం ఉంది. ఒకసారి చట్రానికి కొత్త రంధ్రాలు వేసి, అడ్డొచ్చిన కమ్మీ కోసేస్తే పాతది మళ్లీ అతకడం కష్టం. తెలివైనవాళ్లు ఏమీ కోయకుండా బిగిస్తారు. తాతగారి ఇంజిన్‌ను నూనె రాసి, గోనెసంచిలో చుట్టి అదే షెడ్డులో దాస్తారు.

వెబ్‌స్టర్ సిటీ దారిలో

లింకన్ నుంచి తూర్పుగా హైవే ఎక్కితే గంటలోపు ఒమాహా, ఆ పైన మిస్సోరి నది. నది దాటితే అయోవా. అక్కడి నుంచి డెమోయిన్ దాకా ఎత్తుపల్లాల మొక్కజొన్న, సోయా చేలు. డెమోయిన్ దగ్గర ఉత్తరానికి తిరిగి మరో గంట పైగా వెళితే వెబ్‌స్టర్ సిటీ. మొత్తం నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఈ హైవేల మీద కార్ల వేగాన్ని ఈగిల్ అందుకోలేదు. అందుకే స్కూటర్లు కూడా ట్రైలర్ల మీద, పికప్ ట్రక్కుల వెనక ఎక్కి ప్రయాణం చేస్తాయి.

వెబ్‌స్టర్ సిటీ జనాభా ఎనిమిది వేల లోపు. బూన్ నది ఒడ్డున చిన్న ఊరు. ఈ ఊరిదీ ఓ స్కూటరు కథే. 1946 నుంచి 1948 దాకా ఇక్కడి బీమ్ కంపెనీ ‘డూడుల్ బగ్’ అనే బుల్లి స్కూటరు చేసింది. ఈగిల్ పక్కన నిలబెడితే కోడి పక్కన కోడిపిల్లలా ఉంటుంది. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వాళ్ల ఒకటిన్నర హార్స్‌పవర్ ఇంజిన్. గ్యాంబుల్స్ అనే దుకాణాల్లో అమ్మారు. చేసినవి నలభై వేల దాకా ఉంటాయి. ఏటా సెప్టెంబరులో ఆ బుల్లి బళ్లన్నీ ఊళ్లో కలుసుకుంటాయి, పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా.

మరి పుట్టిల్లు ఉందా?

బీమ్ కంపెనీ స్కూటర్లు మానేసి బట్టలు ఉతికే యంత్రాల వైపు మళ్లింది. చేతులు మారి మారి చివరికి ఎలక్ట్రోలక్స్ అయింది. తండ్రి తర్వాత కొడుకు అందులోనే చేరేవాడు. 2009లో మూసివేత ప్రకటించారు. 2011 మార్చిలో గేటు మూతపడింది. పని మెక్సికోలోని హ్వారెజ్‌కు తరలిపోయింది. వందలాది కుటుంబాల జీతం ఆగింది. ఇంత చిన్న ఊళ్లో అంటే ప్రతి వీధికీ తగిలిన దెబ్బే. మన దగ్గర ఆల్విన్ మూతపడినప్పుడు సనత్‌నగర్ చుట్టుపక్కల వాళ్లకు ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు.

అలాంటి ఊళ్లో ‘మేడిన్ చైనా’ అచ్చు ఉన్న కార్బురేటర్ పెట్టె విప్పేటప్పుడు చేతికి ఎలా ఉంటుంది? ఉద్యోగం పోయిందీ పరాయి దేశానికే, తాత బండికి ప్రాణం పోస్తున్నదీ పరాయి దేశపు సామానే. వద్దంటే బండి కదలదు. డూడుల్ బగ్ వాళ్లకు ఇంకో తలనొప్పి కూడా ఉంది. 2000ల్లో బజా అనే కంపెనీ చైనాలో చేయించిన ఓ మినీ బైకుకు ‘డూడుల్ బగ్’ అనే పేరు పెట్టి అమెరికా దుకాణాల్లో అమ్మింది. ఇప్పుడు డూడుల్ బగ్ స్పేరు కావాలంటే ‘ఏ డూడుల్ బగ్?’ అని ముందు తేల్చుకోవాలి. పేరు కూడా నకలే!

అయినా సెప్టెంబరులో ట్రైలర్లు దిగుతూనే ఉంటాయి. చేయి తిరిగినవాళ్లు కళ్లు మూసుకుని చప్పుడును బట్టి చెప్పేస్తారు ఏది పాత ఇంజినో, ఏది కొత్తదో. పాతది డుగ్... డుగ్... అని ఆగి ఆగి కొడుతుంది. కొత్తది గడ్డి కోసే యంత్రంలా గుర్రుమంటుంది. పిల్లలకు ఆ తేడా పట్టదు. ఎక్కించుకుని తిప్పితే చాలు.

ఇలాంటి కలయికల్లో గడ్డి మీద పట్టా పరిచి సామాను అమ్మేవాళ్లు తప్పక ఉంటారు. ఒక పక్క మెరిసే కొత్త నకళ్లు, ప్లాస్టిక్ సంచుల్లో. ఇంకో పక్క తుప్పు పట్టిన పాతవి, బిస్కట్ డబ్బాల్లో. కొనేవాడు వంగి కూర్చుంటాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న పాత నట్టు జేబులోంచి తీస్తాడు. మెరిసే బోల్టు ఒకటి ఏరుకుని దానికి తిప్పుతాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. ఆగిపోయింది. బోల్టును సంచిలో పడేసి, బిస్కట్ డబ్బా ముందుకు లాక్కుంటాడు.